రేడియోలో ఎన్నికల ప్రచార గీతం: అనుమతి ఎవరు తీసుకోవాలి, బాధ్యత ఎవరిది?

పాటల రచయిత, అనంతపురం:
అందరికీ నమస్కారం. జానపద బాణీల్లో పాటలు రాసి, మా బృందంతో పాడించి రికార్డు చేయించడం నా వృత్తి. వచ్చే శాసనసభ ఎన్నికల్లో పోటీ చేయదలచిన ఒకరు రేడియోలోనూ ప్రచార రథాల మీదా వినిపించడానికి పాట రాయమన్నారు. మొదటి చరణంలో తుంగభద్ర ఎగువ కాలువ చివరి ఆయకట్టు రైతుల అవస్థ చెప్పాను. రెండో చరణంలో, ఆయన పట్టుబట్టినందువల్ల, ప్రత్యర్థి పేరు పెట్టి “పూడిక తీయకనే బిల్లు మింగినాడు” అని రాశాను. దీనికి ఎవరి అనుమతి కావాలి? రేపు కేసు పడితే రాసిన నేను, పాడిన పిల్లలు కూడా జవాబు చెప్పుకోవాలా? మా బృందంలో అందరూ రెక్కాడితే గాని డొక్కాడనివాళ్లు, అందుకే ముందుగా అడుగుతున్నాను.

న్యాయవాది, కర్నూలు:
రచయితగారికి నమస్కారం. కేబుల్ టీవీలో రాజకీయ ప్రకటనలను పూర్తిగా నిషేధించిన నిబంధనను మన హైకోర్టు 2004 మార్చిలో కొట్టివేయగా, ఆ వివాదం సుప్రీంకోర్టుకు వెళ్లి, అదే ఏడాది ఏప్రిల్ 13న ప్రసారానికి ముందే ధ్రువీకరణ పొందాలనే పద్ధతి వచ్చింది. ఎన్నికల సంఘం 2008లో దాన్ని ప్రైవేటు ఎఫ్‌ఎంలతో సహా రేడియోకూ వర్తింపజేసింది. ధ్రువపత్రం ఇచ్చేది మీడియా ధ్రువీకరణ, పర్యవేక్షణ కమిటీ. జిల్లాలో దానికి కలెక్టరే అధ్యక్షులు. అభ్యర్థి, లేదా నమోదైన పార్టీ, ప్రసారానికి కనీసం 3 రోజుల ముందు దరఖాస్తు చేయాలి. ఇతరులైతే 7 రోజుల ముందు. పాట రికార్డింగు రెండు ప్రతులు, ధ్రువీకరించిన పూర్తి సాహిత్యం, తయారీ ఖర్చు, ప్రసార ఖర్చు, ఎన్నిసార్లు వేస్తారో, ఒక్కోసారికి ఎంతో, అన్నీ చూపాలి. చెల్లింపులు చెక్కు లేదా డీడీ ద్వారానే జరగాలి. కాబట్టి మీ పారితోషికాన్ని నగదుగా చేతిలో పెడతామంటే ఒప్పుకోకండి, ఎందుకంటే అది అభ్యర్థి ఎన్నికల ఖర్చులో చేరవలసిన సొమ్ము, మన రాష్ట్రంలో శాసనసభ అభ్యర్థికి పరిమితి 40 లక్షలు.

రెండో చరణం గురించి నిర్మొహమాటంగా చెప్తాను. రుజువు కాని ఆరోపణలతో విమర్శించకూడదని ప్రవర్తనా నియమావళి చెప్తోంది. అభ్యర్థి వ్యక్తిగత నడతపై తెలిసీ అబద్ధం ప్రచారం చేస్తే అది ప్రజాప్రాతినిధ్య చట్టం ప్రకారం అవినీతి చర్య అవుతుంది, గెలిచినా ఎన్నిక రద్దు కావచ్చు. పరువు నష్టం సంగతి వేరు: డబ్బులిచ్చి రాయించుకున్నారన్న మాట రాసినవారినీ, పాడినవారినీ కాపాడదు. పూడిక పనుల మీద అధికారిక నివేదిక ఉంటే దానిలోని మాటే పాడండి, లేకపోతే ఆ పాదం తీసేయండి.

పాటల రచయిత, అనంతపురం:
చాలా ధన్యవాదాలు సార్. నివేదిక లేదు, పాదం తీసేస్తున్నాను. కమ్యూనిటీ రేడియోలో వేయించవచ్చా? ఒక పాత సినిమా పాట బాణీలోకి మార్చమని కూడా అడుగుతున్నారు.

ఆకాశవాణి పాత అనౌన్సరు, కడప:
కమ్యూనిటీ రేడియోకు రాజకీయ కార్యక్రమాలు ప్రసారం చేసే హక్కే లేదు. పాపం, ఊరివాళ్లు కష్టపడి నడుపుకునే కేంద్రాన్ని మన పాట కోసం లైసెన్సు పోగొట్టుకునే స్థితికి నెట్టవద్దు. ఆకాశవాణిలో గుర్తింపు పొందిన పార్టీలకు ఉచిత సమయం ఉంటుంది గాని, అది పార్టీలకే తప్ప విడి అభ్యర్థులకు కాదు, ప్రసంగ పాఠాన్ని కూడా ముందే ఇవ్వాలి. ఇక ప్రైవేటు ఎఫ్‌ఎం విషయానికొస్తే, 2024 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన 234 కొత్త పట్టణాల జాబితాలో కడప, అనంతపురం, కర్నూలు మూడూ ఉన్నాయి. అవి వచ్చేసరికి మీలాంటివారికి గిరాకీ పెరుగుతుంది, అందుకే ఈ పద్ధతులు ఇప్పుడే నేర్చుకోవడం మంచిది.

సినిమా బాణీకి హక్కుదారు రాతపూర్వక అనుమతి కావాలి, మాటలు మార్చినంత మాత్రాన బాణీ మనది కాదు. మీ సొంత జానపద దరువు చేతిలో ఉండగా అరువు బాణీ ఎందుకండీ?

పోలింగ్ ముగిసే సమయానికి ముందు 48 గంటల్లో ఆ పాట ఎక్కడా వినిపించకూడదు. రథాల మీద మైకుకు విడిగా అనుమతి ఉండాలి, రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు మోగించకూడదు. ఒప్పంద పత్రంలో ఆఖరి ప్రసార తేదీని, ధ్రువపత్రం తెచ్చే పూచీ అభ్యర్థిదేనన్న మాటను రాయించుకుని, ధ్రువపత్రం నకలు చేతికందాకే రికార్డింగు అసలు ప్రతి ఇవ్వండి.