మీటప్ హాల్లో నాలుగు బ్లూటూత్ కంట్రోలర్లు నిలబడట్లేదు: డాంగిలా, వైర్లా?

హైదరాబాద్‌లో ఇండీ గేమ్ డెవలపర్ల మీటప్‌లో నలుగురు కలిసి ఆడే గేమ్ డెమో పెడుతున్నాం. గొడాట్ 4 గేమ్ ఇంజిన్, విండోస్ 11 ల్యాప్‌టాప్, బ్లూటూత్ మీద 4 ఎక్స్‌బాక్స్ కంట్రోలర్లు. ఇంట్లో గంటల తరబడి ఆడినా ఇబ్బంది లేదు. హాల్లో 60 మంది చేరాక మాత్రం 10 నిమిషాల్లోపే మూడోదీ నాలుగోదీ బటన్ నొక్కితే ఆలస్యంగా పలుకుతున్నాయి, ఆపైన డిస్‌కనెక్ట్. మళ్లీ కనెక్టయితే డివైస్ నంబర్ మారి ప్లేయర్లు తారుమారవుతున్నారు; అది కోడ్‌లో సరిచేసుకున్నాం, వదిలేయండి.

కొత్త బ్యాటరీలు వేశాం. ల్యాప్‌టాప్ వైఫైని 5 గిగాహెర్ట్జ్‌కి మార్చాం, తర్వాత పూర్తిగా ఆపేశాం. యూఎస్‌బీ 3 డ్రైవ్ బ్లూటూత్ వాడే 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర రొద పెడుతుందని పీకేశాం. బ్లూటూత్ డాంగిల్‌ని మీటరు ఎక్స్‌టెన్షన్ కేబుల్‌తో టేబుల్ మీదికి తెస్తే కాస్త నయం, అంతే. రెండు కంట్రోలర్లతో అయితే అసలు తెగట్లేదు.

వైర్లు వేద్దామంటే ఉన్నవి రెండే పోర్టులు. సొంత పవర్ అడాప్టర్ లేని యూఎస్‌బీ హబ్‌కి నాలుగూ తగిలిస్తే ఏదో ఒకటి ఆగిపోతోంది.

ఇంత రద్దీలో నలుగురి డెమో నడిపినవాళ్లు చెప్పండి: సొంత అడాప్టరున్న హబ్‌తో వైర్లు, ఎక్స్‌బాక్స్ వైర్‌లెస్ డాంగిల్ (బ్లూటూత్ కాకుండా ఎక్స్‌బాక్స్ సొంత వైర్‌లెస్‌తో కలిపేది), ఈ రెంటిలో మీకు రోజంతా తెగకుండా నిలిచింది ఏది?