యాక్టిన్ మీద పీహెచ్‌డీ చేయవచ్చా? ఆ పని చేసినవారి అనుభవాలు కావాలి

నయీంనగర్ విద్యార్థిని:

అందరికీ నమస్కారం. నేను హన్మకొండలో ఎమ్మెస్సీ జువాలజీ చివరి సంవత్సరం చదువుతున్నాను, సీఎస్ఐఆర్ నెట్ పరీక్షలో జేఆర్ఎఫ్ (పరిశోధక విద్యార్థులకు నెలనెలా ఇచ్చే ఫెలోషిప్) వచ్చింది. హైదరాబాద్‌లోని ఒక పరిశోధనా సంస్థలో ఇంటర్వ్యూకు వెళితే, కణ అస్థిపంజరం (కణానికి ఆకారాన్ని, కదలికను ఇచ్చే ప్రోటీన్ తంతువుల అల్లిక) మీద, ముఖ్యంగా యాక్టిన్ అనే ప్రోటీన్ తంతువులు కొమ్మలు వేసే తీరు మీద పనిచేసే ల్యాబ్‌లో చోటు ఉందన్నారు. నాన్నకు, బాబాయికి ఇది నచ్చడం లేదు. క్యాన్సర్ మీదనో షుగర్ మీదనో చేస్తే రేపు ఉద్యోగమైనా వస్తుంది, కండరంలో ఉండే ఒక పాత ప్రోటీన్ మీద ఐదారేళ్లు పెడితే ఏం మిగులుతుందని వారు అడుగుతున్నారు. నిజానికి డిగ్రీలో మేము చదివింది కూడా యాక్టిన్, దానితో కలిసి కండరాన్ని ముడిచే మయోసిన్ అనే ప్రోటీన్, కండర సంకోచం వరకే. రోజువారీ పని ఎలా ఉంటుందో, ఇందులో ఇంకా కనుక్కోవలసింది ఉందో లేదో, తర్వాత దారులు ఏమిటో తెలిసినవారు చెప్పగలరు.

పోచమ్మమైదాన్:

నేను ఇదే ప్రోటీన్ మీద పీహెచ్‌డీ చేశాను కనుక రోజువారీ పని సంగతి చెబుతాను. అది ఎవరూ ముందుగా చెప్పరు.

మొదటి ఏడాదిలో ఎక్కువ భాగం యాక్టిన్‌ను శుద్ధి చేయడం నేర్చుకోవడానికే పోతుంది. పుస్తకాల్లో కుందేలు కండరం అని ఉంటుంది, మా ల్యాబ్‌లో కోడి రొమ్ము మాంసం వాడేవాళ్లం. చికెన్ సెంటర్ తెరిచే వేళకే వెళ్లి, అప్పుడే కోసిన కోడి మాంసాన్ని కొవ్వు లేకుండా తీయించుకుని ఐసు డబ్బాలో తెచ్చుకోవాలి. దాన్ని కైమా కొట్టి, ఉప్పు ఎక్కువగా ఉన్న చల్లని ద్రావణంలో కొద్దిసేపు కలిపితే మయోసిన్ చాలావరకు బయటికి వచ్చేస్తుంది. మిగిలిన పిప్పిని గుడ్డలో పిండి, నీటితోనూ తర్వాత చల్లని అసిటోన్‌తోనూ మళ్లీ మళ్లీ కడిగి ఆరబెడితే పొడి మిగులుతుంది. ఆ వాసన ఆప్రాన్‌ను ఎన్నిసార్లు ఉతికినా పోదు. పొడిని మాత్రం ఫ్రీజర్‌లో నెలల తరబడి దాచుకోవచ్చు. ఈ దారి మొదట వేసింది హంగేరీ శాస్త్రవేత్త స్ట్రాబ్. 1971లో స్పుడిచ్, వాట్ అనే శాస్త్రవేత్తలు దాన్ని మెరుగుపరిచి ప్రచురించిన రూపాన్నే చిన్న చిన్న మార్పులతో ఇప్పటికీ చాలా ల్యాబ్‌లు అనుసరిస్తున్నాయి.

అసలు ముచ్చట ఆ తర్వాత ఉంది. ఏటీపీ, కొద్దిగా కాల్షియం ఉన్న చల్లని బఫర్‌లో పొడిని నానబెడితే యాక్టిన్ విడివిడి అణువులుగా కరుగుతుంది. అందులో పొటాషియం క్లోరైడ్, మెగ్నీషియం కలిపితే ఆ అణువులు తమంతట తామే తంతువులుగా కూడుకుంటాయి, ద్రావణం చిక్కబడడం కలిపే చేతికే తెలుస్తుంది. అల్ట్రాసెంట్రిఫ్యూజ్ అనే యంత్రంలో అతివేగంగా తిప్పి తీశాక ట్యూబు అడుగున ఉడికిన సగ్గుబియ్యంలా నిగనిగలాడే ముద్ద కనిపించాలి. అది తెల్లగా, మసకగా ఉంటే ఇంకేదో కలిసిందని అనుమానించాలి. ఆ ముద్దను మళ్లీ విడగొట్టి, రెండు మూడు రోజులు డయాలసిస్ చేసి (పలుచని పొర సంచిలో ఉంచి బఫర్ మార్చి), ప్రోటీన్లను వేరుచేసే కాలమ్ మీద వేస్తే గానీ పనికివచ్చే యాక్టిన్ చేతికి రాదు. అలా వచ్చిన దాన్ని ఐసు మీద జాగ్రత్తగా ఉంచినా ఒకటి రెండు వారాలకు మించి నమ్మలేము, కనుక సద్దుల బతుకమ్మకు ఊరికి వెళ్లాలా వద్దా అన్నది కూడా కోల్డ్ రూమ్‌లోని ట్యూబును చూసుకునే నిర్ణయించుకోవలసి వస్తుంది.

ఇక ప్రయోగం సంగతి. పైరీన్ అనే రంజకాన్ని అతికించిన యాక్టిన్ తంతువులో చేరినప్పుడు దాని ఫ్లోరెసెన్స్ (వెలుగు పడితే అది తిరిగి వెదజల్లే కాంతి) సుమారు 20 రెట్లు పెరుగుతుంది. తెర మీద గీత మొదట నేలబారుగా సాగి, తర్వాత పైకి లేచి, చివరికి స్థిరపడుతుంది. రెండు మూడు అణువులు కలిసి విడిపోకుండా నిలవడం కష్టం కాబట్టి మొదట ఆ ఆలస్యం ఉంటుంది. తంతువులకు కొమ్మలు పుట్టించే ప్రోటీన్ల గుంపైన ఆర్ప్ 2/3 సముదాయాన్ని, దాన్ని పనిలోకి దించే ప్రోటీన్‌ను కలిపితే ఆలస్యం తగ్గి, పాత తంతువు పక్క నుంచి సుమారు 70 డిగ్రీల కోణంలో కొత్త కొమ్మ పుడుతుంది. మీకు చెప్పిన ప్రాజెక్టు బహుశా ఇదే. ఒకే గీతను బఫర్ మార్చి, గాఢత మార్చి, రోజంతా చూస్తూ కూర్చోగలిగినవారికి ఈ పని బాగుంటుంది. కూర్చోలేనివారికి జేఆర్ఎఫ్ ఉన్నా లాభం లేదు.

పరకాల విశ్రాంత అధ్యాపకుడు:

అమ్మా, ఇది పాత ప్రోటీన్ అని ఇంట్లో అన్నారు కదా, ఆ పాతదనం గురించి నాలుగు మాటలు చెబుతాను. 1942లో హంగేరీలోని సెగెడ్ నగరంలో, ఆల్బర్ట్ సెంట్‌గ్యోర్గీ ప్రయోగశాలలో పనిచేస్తున్న స్ట్రాబ్ దీన్ని వేరుచేశాడు. యుద్ధకాలం కావడంతో ఆ వ్యాసాలు ఆ సంస్థ సొంత సంపుటాల్లోనే అచ్చయి, యుద్ధం ముగిశాకనే మిగతా ప్రపంచం దృష్టికి వచ్చాయి. (ఈ స్ట్రాబే 1988-89లో హంగేరీ అధ్యక్ష మండలికి అధ్యక్షుడయ్యాడు. యాక్టిన్ చదివితే ఏమవుతారని మీ బాబాయిగారు మళ్లీ అడిగితే చెప్పండి.) అప్పటికి అది కండరపు ప్రోటీన్ మాత్రమే. 1966లో హతానో, ఊసావా దాన్ని కండరమే లేని ఒక జిగురు బూజు నుంచి తీసి చూపించారు. 1969లో ఇషికావా బృందం తంతువులకు మయోసిన్ ముక్కలను అంటించి, కండరేతర కణాల్లోనూ అవే తంతువులు ఉన్నాయని ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌లో చూపింది. 1974లో లజరైడిస్, వెబర్ యాంటీబాడీలతో కణంలోని తంతువులను వెలిగించి చూపారు. పైన చెప్పిన ఆర్ప్ 2/3 సముదాయం 1994లో గానీ దొరకలేదు. బ్యాక్టీరియాకు కణ అస్థిపంజరం లేదని మేము తరగతిలో ఏళ్ల తరబడి చెప్పిన పాఠాన్ని, ఎంఆర్ఈబీ అనే ప్రోటీన్ యాక్టిన్‌కు బంధువేనని 2001లో తేలడంతో మార్చుకోవలసి వచ్చింది. ఇంత నెమ్మదిగా, ఇంత కాలంగా కొత్త సంగతులు చెబుతూనే ఉన్నదాన్ని పాతబడినదని నేను అనలేను.

తుర్కపల్లి ఉద్యోగి:

చరిత్ర బాగుంది సార్, కానీ ఇంట్లోవారి ప్రశ్నను అంత తేలికగా తీసివేయలేము. నేను కణ అస్థిపంజరం మీదే పీహెచ్‌డీ చేసి, ఇప్పుడు హైదరాబాద్ దగ్గరి బయోటెక్ పరిశ్రమల ప్రాంతమైన జీనోమ్ వ్యాలీలో ఒక కంపెనీలో పనిచేస్తున్నాను. ఇంటర్వ్యూలో నన్ను యాక్టిన్ గురించి ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. ప్రోటీన్ శుద్ధిలో ఏ కాలమ్ ఎందుకు వాడారు, దిగుబడి తగ్గితే ముందు ఏం చూస్తారు, ఒక బ్యాచ్‌కు మరో బ్యాచ్‌కు తేడా వస్తే ఎలా పట్టుకుంటారు, అవే అడిగారు. వాటన్నిటికీ నా దగ్గర జవాబులు ఉన్నాయంటే కారణం ఆ కోడి మాంసమే. క్యాన్సర్ పేరున్న ప్రాజెక్టులో చేరి, ఐదేళ్లూ కణాలకు మందు వేసి వెస్టర్న్ బ్లాట్లు (ఒక ప్రోటీన్ ఎంత ఉందో చూసే పరీక్షలు) మాత్రమే చేసిన నా మిత్రులు కొందరు ఈ ప్రశ్నల దగ్గర ఇబ్బంది పడ్డారు. విచిత్రమేమిటంటే, ఆ బ్లాట్లన్నిటిలోనూ అడుగు వరుసలో కొలబద్దగా పెట్టేది బీటా యాక్టిన్‌నే. అందరూ వాడతారు, అది ఎంత మారుతుందో అడిగేవారు తక్కువ. కనుక నా సలహా ఒక్కటే: ప్రాజెక్టు శీర్షికలో ఏ జబ్బు పేరుందో కాదు, చేతికి ఏ పని వస్తుందో చూడండి.

వరంగల్ పిల్లల డాక్టర్:

జబ్బుల మాట వచ్చింది కనుక చిన్న చేర్పు. విస్కాట్-ఆల్డ్రిచ్ సిండ్రోమ్ అనే అరుదైన వ్యాధి ఉంది, దాదాపు మగపిల్లలకే వస్తుంది. ఎగ్జిమా, పదే పదే ఇన్ఫెక్షన్లు, ప్లేట్‌లెట్లు సంఖ్యలో తక్కువగా, పరిమాణంలో చిన్నగా ఉండటం దాని లక్షణాలు. దీనికి కారణమైన జన్యువును 1994లో గుర్తించారు. ఆ జన్యువు తయారుచేసే ప్రోటీన్ చేసే పని, ఈ చర్చలో వచ్చిన ఆర్ప్ 2/3 సముదాయాన్ని ప్రేరేపించడమేనని తర్వాతి కొన్నేళ్లలో తేలింది. తెల్ల రక్తకణం యాక్టిన్ కొమ్మలు వేయకుండా సరిగ్గా కదలలేదు, శత్రువును పట్టుకోలేదు. పుట్టుకతోనే కండరాలు బలహీనంగా ఉండే నెమలీన్ మయోపతీలో కొన్ని రకాలకు కారణం కండర యాక్టిన్ జన్యువులోని మార్పులే. మీ నాన్నగారితో మాట్లాడేటప్పుడు ఇవి పనికివస్తాయి.

గోదావరిఖని:

డబ్బు సంగతి ఎవరూ చెప్పలేదు. 2023 జనవరి నుంచి జేఆర్ఎఫ్ నెలకు 37,000 రూపాయలు, రెండేళ్ల తర్వాత పై మెట్టు ఫెలోషిప్ అయిన ఎస్ఆర్ఎఫ్ అయితే 42,000, హాస్టల్ ఇవ్వకపోతే ఇంటి అద్దె భత్యం అదనం. అయితే ఫెలోషిప్ ప్రతి నెలా ఒకటో తేదీన పడుతుందని అనుకోవద్దు. నాకు నెలల తరబడి ఆగి, తర్వాత ఒకేసారి పడిన సందర్భాలు ఉన్నాయి. చేరేముందు కొన్ని నెలల ఖర్చు పక్కన పెట్టుకుంటే ఇంటికి ఫోన్ చేసి అడగవలసిన పని ఉండదు.

కరీంనగర్ నుంచి జర్మనీ:

నేను ట్యూబులో కాకుండా బతికి ఉన్న కణంలో యాక్టిన్‌ను చూసే పని చేస్తున్నాను. పోచమ్మమైదాన్ గారు చెప్పిన దానికి ఇది రెండో సగం. తంతువు మందం 7 నానోమీటర్లే కాబట్టి మామూలు మైక్రోస్కోప్‌లో నేరుగా కనిపించదు, రంగు వేయాలి. చంపి స్థిరపరచిన కణాలకైతే విషపుట్టగొడుగు నుంచి వచ్చే ఫాలోయిడిన్ ఇప్పటికీ సాటిలేనిది. బతికి ఉన్న కణాలకు 2008లో వచ్చిన లైఫ్‌యాక్ట్ అనే 17 అమైనో ఆమ్లాల పెప్టైడ్ ఎక్కువమందికి అలవాటైంది, కానీ మోతాదు పెరిగితే అది తంతువుల ప్రవర్తననే మారుస్తుంది. చూడటానికి వాడిన పరికరమే చూసేదాన్ని మారుస్తున్నదా అన్న అనుమానం ఈ రంగంలో చివరిదాకా వదలదు. అందమైన చిత్రం వచ్చిన రోజున ఎక్కువ అనుమానించడం నేర్చుకోవాలి. మంచి మైక్రోస్కోప్ పగలు దొరకదు, మనకు వచ్చేవి రాత్రి స్లాట్లే. తీసిన చిత్రాలను కొలవడానికి పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష రావాలి, ఎమ్మెస్సీ అయ్యేలోపే మొదలుపెట్టండి.

నయీంనగర్ విద్యార్థిని:

అందరికీ కృతజ్ఞతలు. డాక్టర్ గారు చెప్పింది నాన్నకు చదివి వినిపించాను, కొంత మెత్తబడ్డారు. వచ్చే వారం ఆ ల్యాబ్‌ను చూడటానికి కాజీపేట నుంచి పొద్దున్నే రైల్లో వెళ్లి రమ్మన్నారు. గైడ్‌ను, సీనియర్లను ఏమడగాలి?

పోచమ్మమైదాన్:

గైడ్‌ను కన్నా ముందు సీనియర్లను కలవండి, వీలైతే క్యాంటీన్‌లో, ల్యాబ్ బయట. అల్ట్రాసెంట్రిఫ్యూజ్ అదే భవనంలో ఉందా, చెడిపోతే ఎన్నాళ్లకు బాగుచేయిస్తారు, యాక్టిన్‌ను ల్యాబ్‌లోనే శుద్ధి చేస్తారా లేక కొంటారా అని అడగండి. కొనే యాక్టిన్ చాలా ఖరీదు, నిధులు తగ్గిన ఏడాది మొదట ఆగిపోయేది అదే. ఆ ల్యాబ్ నుంచి వచ్చిన థీసిస్‌లు శోధ్‌గంగలో (భారతీయ థీసిస్‌ల ఆన్‌లైన్ భాండాగారంలో) ఉన్నాయేమో వెతికి, ఉంటే పద్ధతుల అధ్యాయం చదవండి. పైరీన్ గీతలు ఎన్ని స్వతంత్ర బ్యాచ్‌ల నుంచి వచ్చాయో రాశారా లేదా అన్నది చూస్తే ఆ ల్యాబ్ అలవాట్లు తెలిసిపోతాయి. గైడ్‌ను అడగవలసింది ఒక్కటే: కొమ్మల కోణం, వేగం వంటి కొలతల్లో తన పాత ఫలితానికి విరుద్ధంగా విద్యార్థికి ఫలితం వస్తే ఏం చేశారో ఒక ఉదాహరణ చెప్పమనండి.

తుర్కపల్లి ఉద్యోగి:

దానికి తోడు, కాలమ్‌లు, క్రోమటోగ్రఫీ యంత్రం విద్యార్థులే నడుపుతారా లేక టెక్నీషియన్ నడిపి ట్యూబులు చేతికిస్తారా అని కూడా అడగండి. రెండోదైతే నేను పైన చెప్పిన లాభం మీకు సగం కూడా దక్కదు.