నాణేలకు స్కానర్ మేలా, ఫోన్ ఫొటో మేలా?

పలాస సభ్యుడు:
అందరికీ నమస్కారం. ఇంట్లో ఉన్న నాణేలన్నిటికీ బొమ్మా బొరుసూ తీసి కంప్యూటర్లో జాబితా కట్టాలని ఉంది. 1835 కంపెనీ పావు అణాలు, చిల్లు కాణీలు, విక్టోరియా రూపాయిలు, నయాపైసలు, ఒక ప్రూఫ్ సెట్ (సేకరించేవాళ్ల కోసం అద్దంలా మెరిసేట్టు ముద్రించిన నాణేలు) ఉన్నాయి. ప్రింటర్‌తో వచ్చిన స్కానర్ ఉంది. అందులో రాగివి పర్వాలేదు గానీ వెండి రూపాయి మసిబారినట్టు, ప్రూఫ్ నాణెం నల్లటి బిళ్లలా వస్తోంది. ఫోన్‌తో తీస్తే ఫోన్ నీడ నాణెం మీదే పడుతోంది. దేనితో తీయమంటారు?

బొబ్బిలి మాస్టారు:
ముందు ఆ బొమ్మ ఎందుకో తేల్చుకోండి. జాబితాకైతే స్కానర్ చాలు. పైగా అది కొలత కూడా ఇస్తుంది. 1200 డీపీఐ (అంగుళానికి 1200 చుక్కలు) స్కాన్‌లో నాణెం అడ్డంగా 1441 పిక్సెళ్లు వచ్చిందనుకోండి, 1200తో భాగించి 25.4తో (అంగుళానికి అన్ని మిల్లీమీటర్లు) గుణిస్తే 30.5 మి.మీ. అదే విక్టోరియా రూపాయి సైజు. ఫోన్ ఫొటోలో పక్కన స్కేలు పెడితే తప్ప ఇది తేలదు.

నాణెం నిగనిగ చూపాలంటే మాత్రం స్కానర్ వల్ల కాదు. అచ్చు పడేటప్పుడు లోహం పారిన సన్నటి చారల మీద వెలుగు ఆడితేనే ఆ మెరుపు కంటికి తెలుస్తుంది. స్కానర్ దీపమేమో ఒకే పక్కనుంచి, ఒకే కోణంలో వస్తుంది. ప్రూఫ్ నాణెం అద్దంలాంటిది కనుక ఆ వెలుగును సెన్సర్‌కు అందకుండా అవతలికి కొట్టేస్తుంది. అందుకే నలుపు, మీ స్కానర్‌కు రోగమేమీ లేదు.

300 డీపీఐలో తీయకండి. తేదీ కింద టంకశాల గుర్తు చూడాలి కదా: ఇప్పటి నాణేల్లో ముంబైకి డైమండ్, హైదరాబాద్‌కు నక్షత్రం, నోయిడాకు చుక్క, కోల్‌కతాకు ఏమీ ఉండదు. ఆ గుర్తు అర మిల్లీమీటరు అనుకుంటే 300లో దానికి దక్కేది 6 పిక్సెళ్లే, చుక్కా డైమండూ ఒకేలా కనబడతాయి. 1200లో 24 వస్తాయి. డబ్బా మీద రాసిన 9600 అంకెను పట్టించుకోవద్దు, అది సాఫ్ట్‌వేర్ సాగదీసినదే. ‘డస్ట్ రిమూవల్’, ‘షార్పెన్’ రెండూ ఆపేయండి. నోయిడా చుక్కను దుమ్మనుకుని చెరిపేసిందా, మీ నాణెం కోల్‌కతాది అయిపోతుంది!

ప్రింటర్లతో వచ్చేవి దాదాపు సీఐఎస్ రకం, అంటే సెన్సర్ అద్దం కిందనే ఆనుకుని ఉండేవి. అద్దానికి ఆనుకున్నదే తేటగా వస్తుంది, ఒకటి రెండు మిల్లీమీటర్లు లేచినా మసకే. కాబట్టి క్యాప్సూల్‌లోంచి, అట్ట ఫ్లిప్‌లోంచి (నాణెం పెట్టి స్టేపుల్ కొట్టే అట్ట మడత) నాణెం బయటికి తీయాల్సిందే. ఫ్లిప్ స్టేపుల్ పిన్ను అద్దాన్ని గీరుతుంది కూడా. ఎప్సన్ వీ600 లాంటి సీసీడీ స్కానర్లకు (లోపల లెన్స్ ఉండేవి) ఈ బాధ తక్కువ. నాణేన్ని అద్దం మీద జరపకండి, పెట్టి ఎత్తండి. మూత వేసి నొక్కకండి, పైన నల్లగుడ్డ కప్పితే చాలు. రాణిగారి తల గుంట పడినట్టు కనబడితే వెలుగు కింది నుంచి వచ్చినట్టు లెక్క. నాణేన్ని 180 డిగ్రీలు తిప్పి మళ్లీ స్కాన్ చేసి, బొమ్మను కంప్యూటర్లో నిటారు చేసుకోండి.

చీపురుపల్లి సభ్యుడు:
మాస్టారు చెప్పింది సరే గానీ, వెండికీ ప్రూఫ్‌కీ ఫోనే దిక్కు. నీడ పడుతోందంటే ఫోన్ మరీ దగ్గరగా ఉందన్నమాట. 20–25 సెం.మీ. ఎత్తుకు జరిపి 2ఎక్స్ జూమ్ పెట్టండి. ఫోన్‌లో దగ్గరి ఫొటోలకని ఇచ్చే 2 మెగాపిక్సెల్ మాక్రో లెన్స్‌ను ముట్టుకోకండి.

స్టాండు కొనక్కర్లేదు. రెండు పక్కలా పుస్తకాల దొంతర్లు పెట్టి, మీద రెండు చెక్క స్కేళ్లు అడ్డంగా వేసి, లెన్స్ వాటి సందులోకి వచ్చేలా ఫోన్ పెట్టండి. నాణెం పెట్టే చోట ముందు చిన్న అద్దం ముక్క ఉంచండి. ఫ్రేములో లెన్స్ ప్రతిబింబం సరిగ్గా మధ్యన కనబడితే ఫోన్ వాలు లేనట్టే. వాలుంటే గుండ్రటి నాణెం కోడిగుడ్డులా వస్తుంది, ఒక అంచు మసకబారుతుంది.

సీలింగ్ ఫ్యాన్ ఆపండి. బటన్ నొక్కినా కదులుతుంది కాబట్టి 2 సెకన్ల టైమర్ పెట్టండి. ఒకే రకం 9 వాట్ల ఎల్ఈడీ బల్బులు రెండు చాలు, ట్యూబ్‌లైటు ఆపేసి కిటికీ మూసేయండి. రెండు రకాల వెలుగు కలిస్తే నాణెం ఒక పక్క పసుపు, ఒక పక్క నీలం. గడియారంలో పది, రెండు ఉండే చోట్ల ఆ దీపాలు పెట్టండి. అరిగిన రాగికి బాగా కిందకు దించితే అక్షరాలు లేస్తాయి. మెరుపున్న వెండికి దీపాలు లెన్స్ పక్కనే, ఎత్తున ఉండాలి. దీపాల ముందు ట్రేసింగ్ పేపర్ కడితే వెలుగు మెత్తబడుతుంది, కానీ మరీ ఎక్కువైతే మెరుపు చచ్చిపోతుంది.

కెమెరా ప్రో మోడ్‌లో (అన్నీ మనమే పెట్టుకునేది) ఐఎస్ఓ (సెన్సర్ చురుకు) 50 లేదా 100, షట్టర్ 1/50 లేదా 1/100 సెకను. మన కరెంటు 50 హెర్ట్జ్ కనుక ఈ వేగాల్లో ఎల్ఈడీ చారలు పడవు. కింద తెల్ల కాగితం వేస్తే ఫోన్ వెలుగు తగ్గించి నాణేన్ని నల్లబరుస్తుంది, నల్లగుడ్డ వేస్తే వెండి మరీ తెల్లగా పేలిపోతుంది. బూడిదరంగు అట్ట వేసుకోండి.

పలాస సభ్యుడు:
రాగివి బాగా వచ్చాయండీ. ప్రూఫ్ మాత్రం ఇంకా నలుపే.

బొబ్బిలి మాస్టారు:
దానికి గాజుపలక పద్ధతి. నాణేనికీ లెన్స్‌కూ మధ్య పలచటి గాజు ముక్కను 45 డిగ్రీల వాలుగా నిలబెట్టండి. ఫొటో ఫ్రేము గాజు చాలు, అంచులకు టేపు వేయండి. దీపం ఒకటే, పక్కనుంచి, గాజు మీద పడేలా. వెలుగు నిలువుగా నాణెం మీదికి దిగి, అదే దారిన లెన్స్‌లోకి తిరిగొస్తుంది. అద్దంలాంటి నేల తెల్లగా, మంచు పట్టినట్టుండే బొమ్మ ముదురుగా వస్తాయి. వెలుగు చాలా భాగం గాజులోంచి అవతలికి పోతుంది కాబట్టి షట్టర్ 1/25 దాకా దించండి. దీపానికీ నాణేనికీ మధ్య నల్ల అట్ట అడ్డం పెట్టకపోతే నేరుగా పడే వెలుగు అంతా పాడు చేస్తుంది.

ఆమదాలవలస సభ్యురాలు:
ఫొటో కోసమని చింతపండుతోనో విబూదితోనో తోమేరు సుమా! పాత పొర పోతే నాణెం ధర కూడా పోతుంది. మట్టి ఉంటే డిస్టిల్డ్ వాటర్‌లో (బ్యాటరీ కొట్లలో దొరుకుతుంది) నానబెట్టి, రుద్దకుండా గుడ్డతో అద్దండి. మెత్తటి పీవీసీ కవర్లలో ఉన్నవాటికి పచ్చటి జిగురు పట్టి ఉంటే అసిటోన్‌లో ముంచండి, కిటికీ తెరిచి, పొయ్యికి దూరంగా. సముద్రపు తేమ మనకెక్కువ. బయటికి తీసినవాటిని ఆరనిచ్చి, సిలికా జెల్ పొట్లంతో డబ్బాలో పెట్టండి. వేళ్లతో అంచులే పట్టుకోవాలి.

రాజాం సభ్యుడు:
ఒక చిన్న సందేహం. నంది బొమ్మ ఉన్న చిన్న బంగారు ఫణం (పాతకాలపు నాణెం), సుమారు 9 మి.మీ. ఉంటుంది. దానికీ ఇదే పద్ధతా?

బొబ్బిలి మాస్టారు:
తూర్పు గాంగుల ఫణం కావచ్చు, ముఖలింగం రాజధానిగా ఏలినవారిది. 1200 డీపీఐలో అది 425 పిక్సెళ్లే, కాబట్టి 2400లో తీయండి. ఫోన్‌కైతే క్లిప్ మాక్రో లెన్స్ తగిలించి, వెనకవైపు ఉండే ఏలుబడి సంవత్సరపు అంకె మీద వెలుగు పక్కగా పడేలా ఒక్క దీపమే వాడండి. అంత దగ్గరలో నంది మూపురం తేటగా వస్తే అంచు మసకబారుతుంది. నాలుగైదు ఎత్తుల్లో తీసి కంప్యూటర్లో ఒకే బొమ్మగా కలుపుకోవాలి.

అది పొలంలో దొరికినదైతే ఫొటో సంగతి తర్వాత. 1878 నిధి చట్టం ప్రకారం కలెక్టరుకు తెలియజేయాలి. కొన్నదైతే రసీదు కూడా స్కాన్ చేసి అదే ఫోల్డర్‌లో పెట్టండి.