మేక్‌ఫైల్ లూప్‌లో డాలర్, కోట్, స్పేస్ సరిగా ఎస్కేప్ అవుతున్నాయో లేదో టెస్ట్ చేయడం ఎలా?

బిల్డ్‌బెంచ్ అడిగిన ప్రశ్న

ఉబుంటు 22.04, గ్నూ మేక్ 4.3 (మేక్‌ఫైల్‌లో రాసిన ఆదేశాలను నడిపే బిల్డ్ టూల్). ఒక టార్గెట్ రెసిపీలో, అంటే దాని కోసం షెల్‌కు ఇచ్చే ఆదేశాల్లో, షెల్ ఫర్ లూప్ ఉంది. గిట్ ఎల్ఎస్-ఫైల్స్ (గిట్‌లో చేర్చిన ఫైళ్ల పేర్లు చూపే కమాండ్) ఇచ్చే జాబితాలోంచి అసెట్స్ ఫోల్డర్ ఫైళ్లను ఒక్కొక్కటిగా తీసుకుని కంప్రెస్ చేయడం దాని పని. ఫైల్ పేర్లలో స్పేస్, డాలర్, సింగిల్ కోట్, హాష్ వస్తాయి. వీటిని ఎస్కేప్ చేయాలి, అంటే ప్రత్యేక గుర్తులుగా కాక మామూలు అక్షరాలుగానే చదివించాలి. కొన్ని పేర్లు పూర్తిగా తెలుగులోనే ఉన్నాయి. కనిపిస్తున్న తేడాలివి:

లూప్ వేరియబుల్ పేరు "ఫైల్" (ఇంగ్లీషులో నాలుగు అక్షరాలు). దాని ముందు ఒకే డాలర్ పెడితే ప్రతి చుట్టులోనూ ఐ, ఎల్, ఇ అనే మూడు అక్షరాలే ప్రింట్ అవుతున్నాయి. రెండు డాలర్లు పెడితే బాగుంటోంది. ఇదే లూప్‌ను డిఫైన్ బ్లాక్‌లో పెట్టి కాల్, ఎవాల్ అనే మేక్ ఫంక్షన్ల ద్వారా పిలిస్తే రెండు డాలర్లూ చాలడం లేదు.

జాబితాను మేక్ వేరియబుల్‌లో పెట్టి లూప్‌కు ఇస్తే "ధర$5" అనే పేరు "ధర" అయిపోతోంది.

తెలుగు పేర్లు డబుల్ కోట్ల మధ్య \340\260\244 లాంటి అంకెలుగా మారి వస్తున్నాయి. ఆ పేరుతో ఫైలే లేదని కంప్రెసర్ ఆగిపోతోంది. అయినా చివరి ఫైల్ సవ్యంగా ఉంటే చాలు, మేక్ మాత్రం సక్సెస్ అంటోంది.

పని జరిగేదాకా డాలర్లు, బ్యాక్‌స్లాష్‌లు పెంచుకుంటూ పోవడం నాకు ఇష్టం లేదు. సీఐలో (కోడ్‌ను తనంతట తానే పరీక్షించే సర్వర్‌లో) రోజూ నడిచే టెస్ట్ కావాలి. అది ఫెయిలైతే తప్పు ఏ దశలో జరిగిందో తెలియాలి. కోడ్ మ్యాక్‌లో, అక్కడుండే మేక్ 3.81 మీద కూడా నడవాలి.

గోదారి_షెల్ జవాబు

ముందు దశలు విడదీసుకోండి. రెసిపీ లైన్‌ను మొదట మేక్ చదువుతుంది. లైన్ మొదట్లో వచ్చే @, -, + గుర్తులు వదిలేస్తే దానికి తెలిసిన ప్రత్యేక గుర్తు డాలర్ ఒక్కటే. కోట్లు ఉన్నాయా లేవా అన్నది దానికి పట్టదు. సింగిల్ కోట్ల మధ్య ఉన్న డాలర్‌నూ విస్తరిస్తుంది, అంటే అక్కడ ఆ వేరియబుల్ విలువ పెడుతుంది. అలా విస్తరించిన మొత్తాన్ని ఒకే స్ట్రింగ్‌గా షెల్‌కు ఇస్తుంది. కోట్లు, బ్యాక్‌స్లాష్, స్పేస్ దగ్గర విడగొట్టడం, నక్షత్రం గుర్తును ఫైల్ పేర్లుగా మార్చడం, ఇవన్నీ షెల్ పనులు. ఆ తర్వాతే ప్రోగ్రామ్‌కు ఆర్గ్యుమెంట్లు చేరతాయి.

డాలర్ తర్వాత బ్రాకెట్ లేకపోతే మేక్ ఒక్క అక్షరాన్నే వేరియబుల్ పేరుగా తీసుకుంటుంది. మీ దగ్గర అది ఎఫ్. ఆ పేరుతో వేరియబుల్ లేదు కాబట్టి అక్కడ ఖాళీ పడి, తర్వాతి మూడు అక్షరాలు మిగిలాయి. మేక్‌ఫైల్‌లో నేరుగా రాసిన "ధర$5" సంగతీ ఇదే, 5 అనే పేరుతో మేక్ వేరియబుల్ లేదు.

ఎన్ని డాలర్లు కావాలన్నది ఊహించక్కర్లేదు. మేక్ ఆ పాఠాన్ని ఎన్నిసార్లు విస్తరిస్తుందో లెక్కపెడితే చాలు, ఒక్కోసారికి డాలర్ల సంఖ్య రెట్టింపవుతుంది. మామూలు రెసిపీకి ఒకసారి, అంటే రెండు. కాల్, ఎవాల్ దారిలో కాల్ ఒకసారి విస్తరిస్తుంది, రెసిపీ నడిచేటప్పుడు ఇంకోసారి, అంటే నాలుగు. సరిచూసుకోవడానికి ఎవాల్ అన్న మాట తీసేసి అక్కడ ఇన్ఫో పెట్టండి. కాల్ తర్వాత పాఠం ఎలా ఉందో తెర మీద కనిపిస్తుంది. అందులో షెల్ వేరియబుల్ ముందు సరిగ్గా రెండు డాలర్లు ఉండాలి.

మొదటి దశను చూడటానికి మేక్‌కు -ఎన్ ఫ్లాగ్ ఇవ్వండి. షెల్‌కు వెళ్లే పాఠం యథాతథంగా ప్రింట్ అవుతుంది. జాగ్రత్త: ప్లస్ గుర్తుతో మొదలయ్యే లైన్లు, $(మేక్) ఉన్న లైన్లు -ఎన్ ఇచ్చినా నిజంగానే నడుస్తాయి.

రెండో దశ చూడాలంటే మేక్‌ఫైల్‌లో SHELL అనే మేక్ వేరియబుల్‌కు బాష్ అనే షెల్‌ను పెట్టి, .షెల్‌ఫ్లాగ్స్‌కు -ఎక్స్‌సీ ఇవ్వండి. స్పేస్ ఉన్న ఆర్గ్యుమెంట్‌ను బాష్ కోట్లలో చూపిస్తుంది కాబట్టి ఎక్కడ విడిపోయిందో తెలుస్తుంది. .షెల్‌ఫ్లాగ్స్ 3.82 నుంచే ఉంది, అందుకని ఇది లినక్స్ మెషీన్‌లో చేయండి.

ఈ రెండూ తప్పు వెతకడానికి మాత్రమే. -ఎన్ అవుట్‌పుట్‌ను దాచుకుని రోజూ పోల్చే టెస్ట్ పెట్టకండి. ఎవరైనా ఒక ఇండెంట్ మార్చినా అది విరుగుతుంది. పోల్చాల్సింది ప్రోగ్రామ్‌కు చేరిన ఆర్గ్యుమెంట్లను.

పైప్‌లైన్_64 జవాబు

ఆ చివరి మాట మీదే టెస్ట్ కడదాం.

కంప్రెసర్ పేరును రెసిపీలో నేరుగా రాయకుండా ఎన్విరాన్‌మెంట్‌లో ఎక్స్‌పోర్ట్ అయ్యే ఒక వేరియబుల్‌లో పెట్టండి, టూల్ అనుకుందాం. టెస్ట్‌లో దాని స్థానంలో చిన్న షెల్ స్క్రిప్ట్ పెడతాం. అందులో ఒకే లైన్:

ప్రింట్ఎఫ్ '%ఎస్\0' "$@" >> "$ఫలితం"

అంటే వచ్చిన ఒక్కో ఆర్గ్యుమెంట్ చివర నల్ బైట్ పెట్టి ఫైల్‌లో చేరుస్తుంది. ఫైల్ పేరులో ఉండటానికి వీల్లేనివి నల్, స్లాష్ రెండే. కాబట్టి నల్‌తో విడదీస్తే న్యూలైన్ ఉన్న పేరు కూడా తప్పిపోదు. ఇక్కడ ఎకో వాడొద్దు. ఉబుంటులో /బిన్/ఎస్‌హెచ్ అంటే డాష్ అనే చిన్న షెల్. దాని ఎకో \టీ, \ఎన్ జంటలను ట్యాబ్‌గా, న్యూలైన్‌గా మార్చేస్తుంది. బాష్ ఎకో మామూలుగా మార్చదు. ఎస్కేపింగ్ సరిగానే ఉన్నా ఎకో వల్ల తప్పు కనిపిస్తుంది, ఒక్కోసారి దీనికి తలకిందులుగానూ జరుగుతుంది.

తర్వాత పరీక్ష ఫైళ్లు. వీటిని మేక్‌ఫైల్‌లో సృష్టించకండి. పరీక్షించాల్సిన ఎస్కేపింగ్‌తోనే పరీక్ష ఫైళ్లు తయారైతే రెండు తప్పులూ ఒకదాన్నొకటి కప్పేస్తాయి. వేరే స్క్రిప్ట్‌లో ఒక్కో పేరునూ సింగిల్ కోట్లలో రాసి, టెంప్ డైరెక్టరీలో గిట్ ఇనిట్ చేసి, అక్కడ సృష్టించి గిట్ యాడ్ చేయండి. రిపోలో కమిట్ చేయొద్దు. నక్షత్రం, డబుల్ కోట్, కోలన్, బ్యాక్‌స్లాష్ ఉన్న పేర్లను విండోస్ ఒప్పుకోదు, అక్కడివాళ్లకు చెకౌట్ ఆగిపోతుంది.

ఉండాల్సిన పేర్లు: మధ్యలో రెండు స్పేస్‌లు ఉన్నది, మొదట్లో ఒకటి, చివర ఒకటి స్పేస్ ఉన్నవి, ధర$5, $హోమ్ అన్న అక్షరాలే పేరుగా ఉన్నది, సింగిల్ కోట్, డబుల్ కోట్, బ్యాక్‌టిక్ ఒక్కొక్కటి ఉన్నవి, #1, 50%, సెమీకోలన్, యాంపర్‌శాండ్ ఉన్నవి, బ్యాక్‌స్లాష్ తర్వాత టీ, హైఫన్‌తో మొదలయ్యేది, మధ్యలో న్యూలైన్ ఉన్నది, ఒంటరి నక్షత్రం, ఒక తెలుగు పేరు.

నక్షత్రం దగ్గర ఒక మోసం ఉంది. డైరెక్టరీలో ఆ ఒక్క ఫైలే ఉంటే, కోట్ మర్చిపోయినా అది విస్తరించి మళ్లీ తన పేరే అవుతుంది, టెస్ట్ పాసవుతుంది. పక్కన కనీసం ఇంకో ఫైల్ ఉండాలి. అప్పుడు ఆర్గ్యుమెంట్లు ఎక్కువై దొరికిపోతుంది.

తెలుగు పేరులో ఐత్వం ఉండేలా చూడండి. యూనికోడ్‌లో ఐత్వం గుర్తు 0సీ48కు 0సీ46, 0సీ56 అని రెండు ముక్కల రూపం కూడా ఉంది. పాత మ్యాక్‌ల హెచ్‌ఎఫ్‌ఎస్ ప్లస్ డిస్క్ పేరును ముక్కలు చేసి దాచుకుంటుంది. కొత్త మ్యాక్‌ల ఏపీఎఫ్‌ఎస్ ఇచ్చిన రూపాన్నే ఉంచుతుంది. బైట్లు తేడా వచ్చాయని ఎస్కేపింగ్‌ను అనుమానించే ముందు డిస్క్ ఏదో చూడండి.

చివరగా, రావాల్సిన జాబితానూ వచ్చిన జాబితానూ ఎల్‌సీ_ఆల్=సీ పెట్టి సార్ట్ -జెడ్ చేసి, సీఎంపీతో బైట్ బైట్‌గా పోల్చండి. తేడా ఉంటే బైట్లను విడివిడిగా చూపే ఓడీ -సీ తో చూస్తే నల్ ఎక్కడ పడిందో కనిపిస్తుంది.

ఇంకొక్కటి, ఇది వదిలేయొద్దు. మేక్‌ఫైల్ నకలు తీసి, లూప్ వేరియబుల్ చుట్టూ ఉన్న డబుల్ కోట్లను సెడ్‌తో తీసేసి, అదే టెస్ట్ నడపండి. అది ఫెయిలవ్వాలి. రెండో నకలులో రెండు డాలర్లను ఒకటి చేయండి. అదీ ఫెయిలవ్వాలి. ఫెయిల్ కావడం చేతకాని టెస్ట్ మీకు ఏమీ చెప్పదు.

గోదారి_షెల్ జవాబు

టెస్ట్ సంగతి పైన వచ్చేసింది. ఇక లూప్.

\340\260\244 అన్నది "త" అక్షరం యూటీఎఫ్-8 బైట్లే, ఆక్టల్‌లో. గిట్‌లో కోర్.కోట్‌పాత్ డిఫాల్ట్‌గా ఆన్‌లో ఉంటుంది కాబట్టి ఆస్కీ దాటిన బైట్లన్నీ ఇలా వస్తాయి. దాన్ని ఆఫ్ చేస్తే తెలుగు పేర్లు బాగుపడతాయి గానీ డబుల్ కోట్, బ్యాక్‌స్లాష్, న్యూలైన్ ఉన్న పేర్లు అప్పుడూ కోట్లలోనే వస్తాయి. -జెడ్ ఇస్తే ఏ పేరునూ కోట్ చేయదు, నల్‌తో విడదీస్తుంది. అదే వాడండి.

ఆ జాబితాను డాలర్-బ్రాకెట్‌తో లూప్‌లోకి లాగితే మళ్లీ స్పేస్ దగ్గర విడిపోతుంది. ఇలా రాయండి (జాబితాలోని పేర్లను ఆర్గ్యుమెంట్లుగా ఇచ్చి కమాండ్‌ను నడిపేదే ఎక్స్‌ఆర్గ్స్):

గిట్ ఎల్ఎస్-ఫైల్స్ -జెడ్ -- అసెట్స్ > జాబితా
ఎక్స్‌ఆర్గ్స్ -0 ఎస్‌హెచ్ -సీ 'ఫర్ ఎఫ్ డూ "$$టూల్" "./$$ఎఫ్" || ఎగ్జిట్ 1; డన్' ఎస్‌హెచ్ < జాబితా

పైప్ కాకుండా మధ్యలో ఫైల్ ఎందుకంటే, పైప్‌లో చివరి కమాండ్ ఫలితమే లెక్క. గిట్ ఫెయిలైనా ఎవరికీ తెలియదు. "|| ఎగ్జిట్ 1" లేకపోతే లూప్ ఫలితం చివరి చుట్టు ఫలితమే, మీకు తప్పుడు సక్సెస్ వచ్చింది అందుకే. లోపల ఒక్క ఎస్‌హెచ్ ఫెయిలైనా గ్నూ ఎక్స్‌ఆర్గ్స్ 123తో బయటికొస్తుంది, మేక్ ఆగుతుంది. "./" వల్ల హైఫన్ పేరు ఆప్షన్ అయిపోదు, రావాల్సిన జాబితాలోనూ "./" చేర్చడం మర్చిపోకండి. చివర ఉన్న ఎస్‌హెచ్ సున్నా స్థానం ($0, ప్రోగ్రామ్ పేరు) కోసం. అది తీసేస్తే మొదటి ఫైల్ మాయమవుతుంది, చప్పుడు లేకుండా.

లూప్‌ను మేక్ ఫోర్‌ఈచ్‌తో రాయాలనిపిస్తే ఆ ఆలోచన మానుకోండి. అది స్పేస్ దగ్గరే విడగొడుతుంది, బ్యాక్‌స్లాష్ పెట్టినా వినదు. దాన్ని గట్టెక్కించే మార్గం లేదు.

బిల్డ్‌బెంచ్

చాలా థ్యాంక్స్ అండీ ఇద్దరికీ. రెండు సందేహాలు మిగిలాయి. అవుట్‌పుట్ ప్రిఫిక్స్‌ను వాడేవాళ్లే ఇస్తారు, అందులో డాలర్, సింగిల్ కోట్ రెండూ రావచ్చు. దాన్ని లూప్‌లోకి ఎలా పంపాలి? 3.81లో .వన్‌షెల్ (రెసిపీ లైన్లన్నింటినీ ఒకే షెల్‌లో నడిపించేది) వాడొచ్చా?

పైప్‌లైన్_64 జవాబు

.వన్‌షెల్ 3.82లో వచ్చింది. 3.81 దాన్ని మామూలు టార్గెట్ పేరు అనుకుని ఊరుకుంటుంది, ఎర్రర్ కూడా ఇవ్వదు. ప్రతి లైనూ వేరే షెల్‌లో నడిచి లూప్ సగంలో సింటాక్స్ ఎర్రర్ వస్తుంది. పైగా అది ఫైల్ మొత్తానికి వర్తిస్తుంది, .షెల్‌ఫ్లాగ్స్‌లో -ఇ చేర్చకపోతే మధ్య లైన్ల ఫెయిల్యూర్ కనపడదు. లైన్ చివర బ్యాక్‌స్లాష్ పెట్టి కలపడమే రెండు వెర్షన్లకూ పనికొస్తుంది. అయితే ఆ బ్యాక్‌స్లాష్‌నూ న్యూలైన్‌నూ మేక్ అలాగే షెల్‌కు పంపుతుంది. సింగిల్ కోట్ల మధ్య లైన్ విరిస్తే అవి స్ట్రింగ్‌లో ఉండిపోతాయి.

ప్రిఫిక్స్ విషయానికొస్తే, పాఠంలో అతికించకండి, ఎన్విరాన్‌మెంట్‌లో పంపండి. మేక్ పేరు ముందు రాసి పిలిస్తే:

ప్రిఫిక్స్='అ$బి' మేక్ డిస్ట్

రెసిపీలో "$$ప్రిఫిక్స్" అని రాస్తే షెల్‌కు అసలు విలువే అందుతుంది, ఎందుకంటే ఎన్విరాన్‌మెంట్ నుంచి వచ్చిన దాన్ని మేక్ మార్చకుండా తిరిగి ఇస్తుంది. అదే $(ప్రిఫిక్స్) అని రాస్తే మేక్ దాన్ని విస్తరిస్తుంది, డాలర్ తర్వాతి అక్షరం పోతుంది. మేక్ పేరు తర్వాత, అంటే కమాండ్ లైన్ వేరియబుల్‌గా ఇచ్చినా అంతే, అక్కడ వాడేవాళ్లే రెండు డాలర్లు రాయాలి. ఈ తేడా రీడ్‌మీలో పెట్టండి. టెస్ట్‌లో కూడా రెండు దారులకూ విడిగా కేసులు ఉండాలి.

పాఠంలో అతికించక తప్పని చోట సింగిల్ కోట్‌కు:

'$(సబ్‌స్ట్ ','\'',$(వాల్యూ ప్రిఫిక్స్))'

వాల్యూ వల్ల డాలర్ విస్తరించదు, సబ్‌స్ట్ వల్ల కోట్ మూసి తెరుచుకుంటుంది.

హాష్ కూడా వెర్షన్‌ను బట్టి మారుతుంది. ఫంక్షన్ పిలుపు లోపలి హాష్‌ను 4.3 నుంచి కామెంట్‌గా తీసుకోదు. అంతకు ముందు బ్యాక్‌స్లాష్ కావాలి. 4.3లో ఆ బ్యాక్‌స్లాష్ పెడితే అదే అవుట్‌పుట్‌లో మిగిలిపోతుంది. హాష్ := \# అని ఒక వేరియబుల్ పెట్టుకుని $(హాష్) వాడితే రెండింటిలోనూ ఒకటే. రెసిపీలో నేరుగా ఉన్న హాష్‌కు ఈ గొడవ లేదు, అది షెల్‌కే వెళుతుంది.

సీమేక్_బెజవాడ జవాబు

ఇదే టెస్ట్ సీమేక్ (మేక్‌ఫైళ్లను తయారుచేసే టూల్) ప్రాజెక్టులకూ పనికొస్తుంది, పరీక్ష పేర్లలో సెమీకోలన్ మాత్రం ముఖ్యం. అక్కడ జాబితా విడిపోయేది దాని దగ్గరే. యాడ్_కస్టమ్_కమాండ్‌లో వెర్బాటిమ్ తప్పనిసరిగా రాయండి, లేకపోతే ఎస్కేపింగ్ ప్లాట్‌ఫారమ్‌ను బట్టి మారుతుంది. అది రాశాక డాలర్‌ను మీరు రెట్టింపు చేయకూడదు, జనరేటర్ చూసుకుంటుంది. చేస్తే ప్రోగ్రామ్‌కు రెండు డాలర్లు చేరతాయి. నింజా (మేక్ లాంటి ఇంకో బిల్డ్ టూల్) ఫైల్ చేత్తో రాసేవాళ్లకు డాలర్, స్పేస్, కోలన్ మూడింటికీ ముందు డాలర్ కావాలి.

విండోస్ బ్యాచ్ ఫైల్ కూడా ఉంటే, ఫర్ వేరియబుల్‌కు ఫైల్‌లో రెండు పర్సెంట్లు, కమాండ్ ప్రాంప్ట్‌లో ఒకటి. డిలేయ్డ్ ఎక్స్‌పాన్షన్ (ఆశ్చర్యార్థకాల మధ్య పేరుకు లైన్ నడిచేటప్పుడే విలువ పెట్టడం) ఆన్‌లో ఉండగా లూప్ వేరియబుల్‌ను వాడితే పేరులోని ఆశ్చర్యార్థకం మాయమవుతుంది, అది ఉన్న లైన్‌లో క్యారెట్ గుర్తులూ పోతాయి. అది ఆఫ్‌లో ఉన్నప్పుడే విలువను మామూలు వేరియబుల్‌లోకి తీసుకుని, లూప్ లోపల సెట్‌లోకల్‌తో ఆన్ చేసి, ఆశ్చర్యార్థకాల మధ్య ఆ పేరు వాడి, అదే చుట్టులో ఎండ్‌లోకల్ చేయండి. విండోస్ కేసుల జాబితాలో ఆశ్చర్యార్థకం, క్యారెట్ రెండూ ఒకే పేరులో ఉన్న ఫైల్ ఒకటి చేర్చండి.