మినీ ట్రాక్టరుకి రోటవేటర్: పిన్ను అందట్లేదు, ఎత్తితే షాఫ్ట్ చప్పుడు

కోనసీమ_తోట:
మాది రేగడి నేలండి. 24 హెచ్‌పీ మినీ ట్రాక్టరుకి నాలుగడుగుల పాత రోటవేటర్ తీసుకున్నాం, కొబ్బరి తోటకీ సార్వా దమ్ముకీ. ఎడమ పిన్ను ఎక్కుతోంది, కుడిది రెండంగుళాలు కిందకుంటోంది. ఎలాగో తగిలించి దున్నితే కుడివైపు లోతు ఎక్కువ పడుతోంది. ఎత్తితే జాయింట్ షాఫ్ట్ (బండి నుంచి రోటవేటర్‌కి తిప్పుడు అందించేది) టకటకా కొడుతోంది. దమ్ముకి ఊళ్లో ఉన్న పెద్ద బండి రోటవేటర్ తగిలించుకోవచ్చాండి?

దాళ్వా_రైతు:
మొదటి రెండూ ఒకటేనండి. తడి రేగడి మీద వదిలేస్తే రోటవేటర్ బరువున్న పక్కకి దిగబడిపోతుంది. గట్టి నేల మీద, కింద రెండు కొబ్బరి దుంగలేసి నిలబెట్టండి. బండి తిన్నగా వెనక్కి తెచ్చి, ఇంజనాపి, బ్రేకేసి అప్పుడు దిగండి. బండి కదులుతుండగా మధ్యలో మనిషిని మాత్రం నిలబెట్టకండి.

ముందు బండి వెనక ఎడమ చెయ్యి (రోటవేటర్ పిన్నుకి తగిలించే కింది లింకు), తరవాత కుడిది. కుడి చేతిని పైకెత్తే లిఫ్ట్ రాడ్డుకి తిప్పే హ్యాండిలుంది చూడండి, దానితో చేతిని పిన్ను ఎత్తుకి దించుకోండి. ఆనక పైన మధ్యలో ఉండే టాప్ లింకు, ఆఖర్న షాఫ్టు. అంతా ఎక్కాక ఆ హ్యాండిల్ మళ్లీ తిప్పి రోటవేటర్ని మట్టం చెయ్యాలి. దించినది దించినట్టే వదిలేస్తే కుడివైపే లోతు పడుతుంది. లాక్ పిన్ను బదులు మేకు పెట్టొద్దు, దమ్ములో జారిపోతుంది.

షెడ్డు_మెకానిక్:
చప్పుడు సంగతి. కత్తులు నేల వదిలితే చాలు, అంతకన్నా ఎత్తితే జాయింట్ కోణం పెరిగి కొడుతుంది. మడి చివర తిరిగేటప్పుడు పీటీవో (ఆ షాఫ్టుని తిప్పే బండి వెనక మొన) ఆపండి. అప్పటికీ కొడితే షాఫ్ట్ మధ్యలో విడదీసి చూడండి: రెండు చివర్ల యోకులు (జాయింట్‌ని పట్టుకునే పంగలు) ఒకే వరసలో ఉండాలి. చదరపు గొట్టమైతే పావు చుట్టు తేడాగా కూడా ఎక్కేస్తుంది, అక్కడే పొరపడతారు.

పొడవు కూడా చూడండి. షాఫ్ట్ తిన్నగా, మట్టంగా వచ్చిన చోట గొట్టాలకి ఇంకా అంగుళం జరిగే జాగా ఉండాలి. లేకపోతే గేర్‌బాక్స్ బేరింగుని నెట్టేస్తుంది. కొయ్యాల్సొస్తే లోపలి గొట్టం, బయటి గొట్టం, కవర్లు అన్నీ ఒకే కొలత. బాగా సాగినప్పుడు కనీసం మూడో వంతు ఒకదానిలో ఒకటి ఉండాలి. కవర్ పగిలితే వెంటనే మార్చండి. 540 ఆర్‌పీఎం అంటే సెకనుకి తొమ్మిది చుట్లు, లుంగీ అంచు తగిలితే మనిషికి తప్పుకునే వ్యవధి ఉండదు.

దాళ్వా_రైతు:
పెద్ద బండిది వద్దండి. వాటి కింది పిన్నులు సాధారణంగా 28 మి.మీ., మినీ బండి చేతులకి 22. బుష్ వేసేది చిన్న పిన్నుని పెద్ద బెజ్జంలో కూర్చోబెట్టడానికే గాని దీనికి కాదు. పిన్నులు మార్చినా బరువు ఆగదు, గట్టెక్కేటప్పుడు ముందు చక్రాలు లేచిపోతాయి.

కోనసీమ_తోట:
సరేనండి, అది మానేస్తాం. టాప్ లింకు ఎంత పెట్టాలి?

షెడ్డు_మెకానిక్:
పనిచేసే లోతులో గేర్‌బాక్స్ షాఫ్టూ పీటీవో షాఫ్టూ ఇంచుమించు సమాంతరంగా ఉండేలా పెట్టండి. హైడ్రాలిక్ పొజిషన్ కంట్రోల్‌లో (పెట్టిన ఎత్తులోనే నిలిపేది) ఉంచండి, డ్రాఫ్ట్ (లాగే బరువుని బట్టి ఎత్తు మార్చేది) నాగలికీ కల్టివేటర్‌కీ. దమ్ము చక్రాలు ఎక్కించాక చేతులు పక్కకి ఊగకుండా ఆపే చైన్లు మళ్లీ బిగించి, రోటవేటర్ని పూర్తిగా ఎత్తి, చేతులు చక్రాలకి రాసుకుంటున్నాయేమో చూడండి.