దొంగచాటు కెమెరాయా, కాగితమా?

గోడమీదిపిల్లి: ప్రజాప్రతినిధుల లంచాలు బయటపడాలంటే స్టింగ్ (దొంగచాటు కెమెరాతో వల పన్నడం) తప్పదా? లేని కంపెనీ పెట్టి, డబ్బు ఎర చూపి, తీసుకున్నాక దొంగ అనడం విలేకరి చెయ్యాల్సిన పనేనా? లోతుపాతులు తెలిసినవాళ్లు చెప్పండి.

బటన్‌కెమెరా: తప్పదు. 2005లో కోబ్రాపోస్ట్ అనే వార్తా వెబ్‌సైటు వాళ్లు ఉత్తుత్తి చిన్న పరిశ్రమల సంఘం పేరుతో ఎంపీల దగ్గరికి వెళ్లారు. సభలో ప్రశ్న వెయ్యడానికి పుచ్చుకున్నది 15 వేల నుంచి లక్షా 10 వేల దాకా. డిసెంబరు 12న ఆజ్‌తక్‌లో వచ్చింది, 23న 11 మంది బహిష్కృతులయ్యారు. ఈ లంచానికి రసీదు ఏ ఆఫీసులో దొరుకుతుందండీ? విలేకరుల మీద పెట్టిన లంచం కేసును కూడా 2010లో ఢిల్లీ హైకోర్టు కొట్టేసింది.

ఎంబుక్: సగమే చెప్పారు. ఆయుధాల బేరం పేరుతో తెహల్కా వాళ్లు చేసిన 2001 స్టింగ్ టేపుల సంగతో? అప్పటి బీజేపీ అధ్యక్షుడు, మన హైదరాబాదు బంగారు లక్ష్మణ్ లక్ష తీసుకుంటూ దొరికారు, 2012లో నాలుగేళ్ల శిక్ష పడింది. అదే కథనంలో ఇరికించిన ఒక మేజర్ జనరల్ దావా వేస్తే, 2023లో ఢిల్లీ హైకోర్టు 2 కోట్ల పరిహారం ఇమ్మంది. ఆయన ఎరను కాదన్నారు, కథనం మాత్రం ఆయనే లంచం అడిగారని చెప్పింది. పరువు తిరిగి రావడానికి 22 ఏళ్లు!

బటన్‌కెమెరా: అది డెస్కు తప్పు, కెమెరాది కాదు. డబ్బు మాట ముందు ఎవరి నోట వచ్చిందో ఆ ముక్క కత్తిరించకూడదు, కేసు సగం అక్కడే తేలుతుంది. అసలు మెమరీ కార్డు సీలు వేసి పక్కన పెట్టాలి, ఎడిటింగ్ అంతా కాపీ మీదే. కార్డు దించిన రోజే హాష్ విలువ (ఫైలు మారితే మారిపోయే, దాని వేలిముద్ర లాంటి అంకె) తీసి రాసుకోవాలి. 2024 జులై నుంచి కొత్త సాక్ష్య చట్టం సెక్షన్ 63 ధ్రువపత్రంలో అది అడుగుతారు, నిపుణుడి సంతకం కూడా కావాలి. ఆరు నెలల తర్వాత కాపీ నుంచి తీస్తే అవతలి లాయరుకు పండగే.

నల్లకోటు: ఒక్క మాట. 2010 తీర్పు పట్టుకుని బయల్దేరకండి. స్టింగ్ చేసిన ప్రతివాడికీ కేసు నుంచి మినహాయింపు ఉండదని 2014లో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. ఉద్దేశమేమిటో విచారణలో తేలాల్సిందే.

ఎంబుక్: అందుకే కెమెరా కంటే ప్రభుత్వ కాగితం మేలంటాను. కాకపోతే దాన్ని రాబట్టే సమాచార హక్కు దరఖాస్తు రాయడం చాలామందికి చేతకాదు. "రోడ్డు పనిలో అక్రమాలు ఎందుకు జరిగాయి?" అని అడిగితే పీఐఓ (ఆఫీసులో సమాచారం ఇవ్వాల్సిన అధికారి) హాయిగా తిప్పి పంపుతాడు, చట్టం ఇచ్చేది రికార్డే తప్ప సంజాయిషీ కాదు. ఫలానా పని నోట్‌ఫైలు (అధికారులు అభిప్రాయాలు రాసే ఫైలు), టెండర్ల తులనాత్మక పట్టిక, ఎం-బుక్ (పని కొలతలు రాసే పుస్తకం) పేజీలు, చెల్లించిన బిల్లులు అని విడివిడిగా అడగండి. మొత్తం ఫైళ్లు అంటే సిబ్బంది చాలరని సాకు చెబుతారు. కాపీల కంటే ఫైలు తనిఖీ మేలు. పక్కన పెన్సిలుతో రాసిన మాటలు జిరాక్సులో సరిగా పడవు. కొలత తీసిన తేదీ, బిల్లు పాసైన తేదీ పక్కపక్కన పెట్టండి. కొలతకు ముందే బిల్లు పాసైతే అదే మీ వార్త. 30 రోజుల్లో జవాబు రాకపోతే మొదటి అప్పీలుకు ఇంకో 30 రోజులే గడువు, అది దాటబెట్టుకునేవాళ్లే ఎక్కువ.

గోడమీదిపిల్లి: బిల్లు ముందు పాసైందని తేలింది సరే, అందులో మంత్రి వాటా ఉందని ఎలా రాస్తారు?

ఎంబుక్: రాయను. సంతకం ఎవరిదో, తేదీ ఏదో అంతవరకే రాస్తాను. ప్రశ్నలు రాతపూర్వకంగా పంపి, గడువిచ్చి, ఆయన వివరణ కూడా వేస్తాను.

బటన్‌కెమెరా: అంటే ఇంజినీరు సస్పెండవుతాడు, మంత్రి క్షేమం. ఎంబుక్ గారూ, మీ పద్ధతిలో పైవాడు ఎప్పుడు దొరుకుతాడో అదీ చెప్పండి.