అప్‌డేట్: రిటైర్డ్ నేవీ సార్‌తో మా హైస్కూల్ ఎన్‌సీసీ క్లాసులు మొదలయ్యాయి

మిర్యాలగూడ దగ్గర మా ఊళ్లో నేవీ నుంచి రిటైరై వచ్చిన ఒక సార్, హైస్కూల్ ఎన్‌సీసీ పిల్లలకు ఉచితంగా నేర్పిస్తానంటున్నారు, ఏఎన్‌ఓగా (స్కూల్లో ఎన్‌సీసీని చూసుకునే అసోసియేట్ ఎన్‌సీసీ ఆఫీసర్‌గా) పెట్టుకోవచ్చా అని అడిగాను కదా. జవాబిచ్చినవాళ్లందరికీ థ్యాంక్స్, పనైంది.

ఏఎన్‌ఓగా మాత్రం కుదరదు, అది స్కూల్లో పనిచేసే టీచర్‌కే ఇస్తారు, ఎన్‌సీసీ బెటాలియన్ ఆఫీసులోనూ అదే మాట. హెడ్‌మాస్టర్‌కు దరఖాస్తు పెట్టి, ఏఎన్‌ఓ సార్ ఉన్నప్పుడే క్లాసు చెప్పించండని ఒకరు ఇచ్చిన సలహా పనిచేసింది. పెన్షన్ కాగితాలు, డిశ్చార్జ్ బుక్కు అన్నీ మోసుకెళ్లాం, ఎవరూ అడగలేదు. మాది ఆర్మీ వింగ్, నేవీ ఆయనెందుకు అంటారేమోనన్న టెన్షనూ దండగే. డ్రిల్, మ్యాప్ రీడింగ్ ఏఎన్‌ఓ సార్ చూసుకుంటారు, ఈయన తాళ్ల ముడులు, రెండు జెండాలతో అక్షరాలు చూపించే సెమాఫోర్ నేర్పుతున్నారు. బౌలైన్ ముడిని మావాడు ఇంట్లో బర్రె పలుపుకు కూడా వేస్తున్నాడు!

పెద్ద పిల్లలకు ఎక్కువ పనికొచ్చింది ఆయన చెప్పే ఉద్యోగాల సంగతి. నేవీ అగ్నివీర్‌లో ఎంఆర్‌కు (మెట్రిక్ రిక్రూట్) పదో తరగతి చాలు, ఎస్‌ఎస్‌ఆర్‌కు (సీనియర్ సెకండరీ రిక్రూట్) ఇంటర్ మీద వెళ్లాలంటే మ్యాథ్స్, ఫిజిక్స్ ఉండాలని విని, బైపీసీ అనుకున్న ఇద్దరు మళ్లీ ఆలోచిస్తున్నారు.

దరఖాస్తు నకలు మీద హెడ్‌మాస్టర్ సంతకం, స్టాంపు మాత్రం తీసుకోండి, రేపు ఆయన బదిలీ అయితే అదే అక్కరకొస్తుంది.